ఆట లేని నెలల్లో ఆట

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు జిల్లా పేజీలో ఒక ఫోటో కనిపిస్తూ వుంటుంది మీకు. పది పన్నెండు మంది ఆడపిల్లలు, ఒకే రంగు జెర్సీలు, మధ్యలో ఒక కప్పు, పక్కన ప్రిన్సిపాల్ గారు, మెడలో దండతో ఎవరో ఒక పెద్దమనిషి. కింద రెండు లైన్లు వుంటాయి, ఫలానా కాలేజీ అమ్మాయిలు కబడ్డీలో విజేతలని. "అబ్బో, బాగుందే" అనుకుని మనం పేజీ తిప్పేస్తాం. ఆ ఫోటోలో పడని సంగతి ఒకటి ఈ వేళ మీతో చెప్పాలని వచ్చాను. ఆ పిల్లలకు ఆట లేని నెలల సంగతి అది.

కాలేజీ ఆటలకు కూడా ఒక కాలం వుందండీ, పెళ్ళిళ్ళకు ముహూర్తాలున్నట్టే. సాధారణంగా వానలు వెనకబడే రోజుల్లో కాలేజీల మధ్య పోటీలు మొదలవుతాయి. అక్కడ బాగా ఆడినవాళ్ళను ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు వెళుతుంది. అక్కడ పై స్థానాల్లో నిలిస్తే అఖిల భారత పోటీలు. వీటిని భారత విశ్వవిద్యాలయాల సంఘం వారు నడిపిస్తారు. మొత్తం మీద ఆటల్లో ముందున్న విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ అని 1956-57 నుంచీ ఇస్తున్నారు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ పోటీలు వీటికి అదనం. ఇంత హడావుడీ ఏడాదిలో కొన్ని నెలలే. తరువాత పరీక్షలు, ఆ వెంటనే ఎండాకాలం సెలవులు. గ్రౌండుకి తాళం. విజిల్ వేసేవాళ్ళుండరు, చప్పట్లు కొట్టేవాళ్ళుండరు, ఫోటో తీసేవాళ్ళసలే వుండరు. వచ్చే ఏటి ఆట సగం ఆ నెలల్లోనే తేలిపోతుందని నాకు తెలిసిన ఫిజికల్ డైరెక్టర్లందరూ చెబుతారు.

నేను కబడ్డీ గురించే చెబుతాను. మన చెడుగుడే కాబట్టి మీకూ సులువు, నాకూ సులువు. చిన్నప్పుడు వీధిలో గీత గీసుకుని మనమూ ఆడినవాళ్ళమే. ఒక్క ఊపిరి మీద కూత పెట్టుకుంటూ అవతలి జట్టులోకి వెళ్ళాలి, ఎవరినో ఒకరిని తాకాలి, కూత తెగకుండా గీత దాటి వచ్చేయాలి. ఇప్పుడు ఆ కూతకు 30 సెకన్ల గడువు. ఏడుగురు బరిలో వుంటారు, మిగిలినవాళ్ళు బయట బెంచీ మీద. పెద్ద పోటీల్లో మట్టి పోయి మ్యాట్లు వచ్చాయి. అంతేగాని ఆట అదే.

ఈ ఆటలో మన దేశపు ఆడపిల్లలు చిన్నవాళ్ళేం కాదు. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీని 2010లో చేర్చారు. ఆ ఏడూ, 2014లోనూ బంగారు పతకం మనదే. 2018లో జకార్తాలో మాత్రం ఫైనల్లో ఇరాన్ అమ్మాయిలు 27-24తో మనల్ని ఓడించేశారు. తమాషా ఏమిటంటే, ఆ ఇరాన్ జట్టుకు శిక్షణ ఇచ్చిన శైలజా జైన్ గారు మన మహారాష్ట్రలోని నాసిక్ నుంచి వెళ్ళినావిడే! ఉద్యోగ విరమణ చేశాక, భాష తెలియని దేశం వెళ్ళి, వాళ్ళ పారశీక భాష నేర్చుకుని, ఆ పిల్లలకు రోజూ యోగా, ప్రాణాయామం అలవాటు చేశారు. కూత మీద నడిచే ఆటలో ఊపిరి మీద అదుపు ఎంత అవసరమో ఆలోచించండి. టీ.వీ.లో మనం చూసింది ఆ ఒక్క పూట ఆట. దాని వెనక నెలల తరబడి జరిగిన ఆ సాధన ఎవరు చూశారు? 2023లో హాంగ్‌జౌలో మన వాళ్ళు మళ్ళీ బంగారం తెచ్చుకున్నారు, చైనీస్ తైపీ మీద 26-25తో. ఆ క్రీడల్లో మన దేశానికి అది నూరో పతకం. తేడా ఎంత? ఒక్క పాయింటు. ఒక్కసారి కాలు జారినా, ఒక్కసారి దమ్ము చాలకపోయినా పోయే పాయింటు.

సరే, ఆ పెద్దవాళ్ళ సంగతి అలా వుంచి మన వీధిలోకి వద్దాం.

మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక అమ్మాయి వుంది. పేరెందుకు లెండి. డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రికి టిఫిన్ల బండి వుంది, తల్లి ఇంట్లోనే ఇడ్లీ పిండి, చట్నీలు చేసి పంపిస్తుంది. ఈ పిల్ల కాలేజీ జట్టులో కార్నర్‌లో ఆడుతుంది. అంటే చివర నిలబడి, కూతకు వచ్చిన పిల్ల చీలమండ పట్టుకుని ఆపే పని. కూతకెళ్ళి పాయింట్లు తెచ్చే పిల్లకున్న పేరు ఈ పనికి రాదు. నేను చెప్పేది మొన్నటి ఎండాకాలం మాట. పరీక్షలైపోయాయి, కాలేజీ మూసేశారు. జట్టులో పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఒకతె మేనమామ ఇంటికి, ఒకతె పొలం పనులకు, ఒకతె ఏకంగా పెళ్ళిచూపులకు. ఈ పిల్ల మాత్రం రోజూ నాలుగున్నరకు లేచి మునిసిపల్ స్కూలు గ్రౌండుకి వెళ్ళేది. నేను పాలకోసం తలుపు తీసే వేళకు మా గేటు ముందు నుంచి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోతూ వుండేది. వాడు నిద్రమొహంతో సైకిలు తొక్కడం, ఈవిడ పక్కన పరుగెత్తడం!

ఒకరోజు వాళ్ళమ్మ నా దగ్గర బావురుమంది. "చూడండి వదినగారూ, ఆటలైపోయాయి, కప్పులూ లేవూ, కాకరకాయలూ లేవు. ఇంకా ఈ పరుగులెందుకు? నలుగురూ నవ్వుతున్నారు. ఆ రెండు గంటలు పిండి రుబ్బడానికి సాయం చేస్తే నాకు నడుం నొప్పన్నా తగ్గును" అంది. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నేనండీ. ఇల్లు గడవడానికి చెయ్యి కావలసిన ఇంట్లో, కంటికి కనిపించని పనికి రెండు గంటలంటే చిన్నమాట కాదు. అందుకే ఆవిడకు నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. నేను చదివింది పదో తరగతే అయినా, ఈ విషయం మీద డాక్టరమ్మనూ, కాలేజీ పి.డి. గారినీ అడిగి తెలుసుకున్నాను.

మన శరీరం మహా పొదుపరి. వాడని బలాన్ని అది దాచిపెట్టదు. ఏడాదంతా పరుగెత్తి సంపాదించిన దమ్ము, మానేసిన రెండు మూడు వారాలకే తరగడం మొదలుపెడుతుంది. కండల్లో బలం కాస్త నయం, ఒక నెల దాకా ఓపిక పడుతుంది. రెండు మూడు నెలలు పూర్తిగా కూర్చుంటే మాత్రం జూన్‌లో ఆ పిల్ల దాదాపు మొదటి మెట్టు దగ్గర నుంచి ఎక్కాలి. ఇందులో ఒక మంచిమాట కూడా వుంది. సంపాదించడానికి పడ్డంత కష్టం నిలబెట్టుకోవడానికి అక్కర్లేదు. బలం నిలవడానికి వారానికి ఒకటి రెండు రోజులు గట్టిగా వ్యాయామం చేసినా సరిపోతుందట. బస్కీలు, దండీలు, తాడాట, మధ్యమధ్య చిన్న చిన్న పరుగులు. దీనికి మ్యాటు అక్కర్లేదు, కోచ్ పక్కనే వుండక్కర్లేదు. కావలసిందల్లా తెల్లవారుజామున లేచే మనసు, ఇంట్లోవాళ్ళు అడ్డుపెట్టకపోవడం.

రెండోది, మోకాలు. ఇది తల్లులు బాగా వినవలసిన సంగతి. మోకాలి లోపల ఏ.సి.ఎల్. అని ఒక బంధనం వుంటుంది. ఎగిరి దిగినప్పుడు, పరుగెత్తుతూ చటుక్కున పక్కకు తిరిగినప్పుడు అది తెగే ప్రమాదం వుంది. ఎవరూ తగలకుండానే తెగుతుంది సుమండీ! ఒకే రకం ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు లెక్క తేల్చారు. తెగితే చాలామందికి ఆపరేషన్ తప్పదు, మళ్ళీ బరిలోకి రావడానికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుంది. కాలేజీ చదువే మూడేళ్ళు. అందులో ఒక ఏడాది ఇలా పోతే ఇక మిగిలేదేముంది?

దీనికి మందు ఈ ఆట లేని నెలల్లోనే వుంది. తొడ వెనక కండరాలనూ, నడుము చుట్టూ కండరాలనూ గట్టిపరచడం. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడకుండా, పిల్లిలా మెత్తగా దిగడం నేర్చుకోవడం. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ఫిఫా వైద్యులు 2006లో '11 ప్లస్' అని 20 నిమిషాల వ్యాయామ క్రమం తయారుచేశారు. ఇలాంటివి మానకుండా చేసే జట్లలో ఈ మోకాలి దెబ్బలు సగానికి సగం తగ్గాయని పరిశోధనల్లో తేలింది. కండ త్వరగా గట్టిపడుతుంది, ఈ నరాలూ బంధనాలూ మాత్రం నిదానంగా గట్టిపడతాయి. పోటీలు నెల వుండగా మొదలుపెడితే వాటికి చాలదు. అందుకే ఎండాకాలం మాట. మాఘమాసంలో ఆవకాయ కావాలంటే వైశాఖంలోనే కాయ కొట్టాలి కదండీ.

ఇదంతా ఒక్కరు ఆడే ఆటకైనా అంతే. జట్టు ఆటలో ఇంకో తిరకాసు వుంది. కబడ్డీలో గొలుసు పట్టు అని ఒకటి వుంటుంది. ఇద్దరు పిల్లలు చేతులు కలిపి గొలుసులా కదులుతూ కూతకు వచ్చిన పిల్లను చుట్టేస్తారు. ఆ ఇద్దరిలో ఒకతె ఎండాకాలమంతా పరుగెత్తి, రెండోది మేనమామ ఇంట్లో పనసతొనలు తింటూ కూర్చుందనుకోండి, గొలుసు ఎక్కడ తెగుతుందో చెప్పక్కర్లేదు. కష్టపడిన పిల్ల కష్టం కూడా అక్కడే పోతుంది. అంచేత మా వీధి అమ్మాయి ఒక పని చేసింది. జట్టులో పిల్లలందరికీ ఫోన్లున్నాయి. ఏ రోజు ఎవరు ఎంత చేశారో రాత్రి పడుకోబోయే ముందు ఒకరికొకరు చెప్పుకోవాలని ఒప్పందం పెట్టుకున్నారు. మొదటి వారం పదిమందీ చెప్పారు. మూడో వారానికి ఆరుగురు. మే నెల మధ్యకు వచ్చేసరికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఒకతె మగ్గం నేసే ఇంటి పిల్ల. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్ల రోడ్డు మీద పరుగెత్తితే బాగుండదని, పెరట్లోనే బావి చుట్టూ తిరిగేదట. "ఎన్ని చుట్లో లెక్క తప్పిపోతోందని చింతగింజలు పెట్టుకుందండీ అత్తయ్యగారూ" అని ఈ పిల్ల నవ్వుతూ చెప్పింది నాతో.

మరి ఫలితం ఏమిటని అడుగుతారు. కథల్లో అయితే కప్పు వచ్చి వుండాలి. నిజం చెబుతున్నాను వినండి. ఆ ఏడు మా వీధి అమ్మాయిని మొదటి ఏడుగురిలోకి తీసుకోలేదు. కార్నర్‌లో ఆడే సీనియర్ పిల్ల ఇంకో ఏడాది వుండిపోయింది. పొడుగు పిల్ల, అనుభవమున్న పిల్ల. మనమ్మాయి బెంచీ మీద కూర్చుంది. రెండు ఆటల్లో మొత్తం కలిపి పది నిమిషాలు బరిలో నిలబడిందేమో. జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. పేపర్లో ఫోటో పడలేదు. తల్లి మళ్ళీ వచ్చింది. "ఏం ఒరిగింది వదినగారూ?" అంది. ఈసారి ఏడవలేదు, కోపంగా అంది.

ఆ మాట నేను పి.డి. గారికే చేరవేశాను. ఆయన చెప్పిన జవాబు నాకు నచ్చింది. "మా జట్టులో కూతకెళ్ళే అమ్మాయి ఈ ఏడు అంత బాగా ఆడిందంటే, రోజూ సాయంత్రం ప్రాక్టీసులో ఈ పిల్ల పట్టు విడిపించుకుని రావడం నేర్చుకుంది గనుక. పట్టు మెత్తగా వుంటే కూత కూడా మెత్తగానే వుంటుందమ్మా" అన్నారాయన. చూశారా! బెంచీ మీద కూర్చున్న పిల్ల బలం బరిలో వున్న పిల్ల కాళ్ళల్లోకి వెళ్ళిందన్నమాట. స్కోరు రాసే పుస్తకంలో దీనికి గడి లేదు. మన వంటింటి పనికి జీతాల పుస్తకంలో గడి లేనట్టే. అయితే ఈ మాట చెప్పి ఆ తల్లిని సముదాయించేశానని మాత్రం అనను. "ఆ మాటేదో ఆ సారు స్టేజీ మీద చెబితే బాగుండేది" అందావిడ. అదీ నిజమే. బహుమతుల సభలో బెంచీ పిల్లల పేర్లు కూడా చదివితే ఎవరి సొమ్ము పోయింది?

ఇంకొక విషయం కూడా అనకుండా వుండలేను. పేరు చెప్పను గాని, నాకు తెలిసిన ఒక కాలేజీలో లక్షలు పోసి కొన్న మ్యాట్లు స్టోరు రూములో చుట్టి పెట్టి తాళం వేస్తారు. పోటీలకు పదిహేను రోజుల ముందు తీస్తారు. ఏడాదంతా మట్టిలో ఆడిన పిల్లలు మ్యాటు మీద కాలు నిలదొక్కుకోవడం తెలిసేలోపు పోటీలు అయిపోతాయి. సెలవుల్లో గ్రౌండు గేటుకి తాళం. అడిగితే "వాచ్‌మన్ సెలవులో వున్నాడు" అంటారు. తల్లిదండ్రుల సమావేశానికి పిలిచినప్పుడు మనం మార్కుల సంగతే అడిగి వచ్చేస్తాం. ఈసారి ఈ తాళం సంగతి కూడా అడగండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే పొద్దున రెండు గంటలు గేటు తీయడం వాళ్ళకు కష్టమేమీ కాదు.

ఇక ఇంట్లో మనం చేయగలిగిందేమిటి? ముందు తిండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. 15-19 ఏళ్ళ పిల్లల్లో అయితే ఇంకా ఎక్కువ, నూటికి 59. రక్తం లేని పిల్ల పరుగెత్తితే దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? బద్ధకం అని మనం తిట్టేది చాలాసార్లు రక్తహీనతే. ఒక్కసారి రక్త పరీక్ష చేయించండి, డాక్టరు చెబితే ఐరన్ మాత్రలు వేయించండి. తోటకూర, గోంగూర, పప్పులు, రాగులు, తినేవాళ్ళయితే గుడ్డూ మాంసమూ పెట్టండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఆ ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. గంట ఆగి తాగమనండి. పొద్దున గ్రౌండు నుంచి రాగానే గుప్పెడు వేరుశనగపప్పు, బెల్లం, ఒక అరటిపండు. ఖర్చు పెద్దది కాదు. మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం వేసి సీసాలో పోసి పంపితే ఎండదెబ్బకు రక్ష. మే నెలలో మన ఎండలు మీకు తెలియనివి కావు, సూర్యుడు పైకి రాకముందే ఇంటికి చేరాలి.

నెలసరి సంగతి కూడా కనిపెట్టి వుండాలి. వరసగా మూడు నెలలు రాకపోతే "ఆటలాడే పిల్ల కదా, మామూలే" అని వదిలేయకండి. ఒళ్ళు పడే శ్రమకు తగ్గ తిండి అందడం లేదనడానికి అదొక గుర్తు. అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. లేడీ డాక్టరుకు చూపించాలి. విశ్రాంతి మాట కూడా చెప్పాలి. పోటీలైపోగానే రెండు వారాలు పూర్తిగా ఆపేయనివ్వండి. వారానికొక రోజైనా సెలవు వుండాలి. ఎనిమిది గంటల నిద్ర కావాలి. నొప్పిని పళ్ళ బిగువున పట్టి పరుగెత్తడం సాధన అనిపించుకోదు.

ఇంటి పని మాటకొస్తే, ఆడపిల్ల గ్రౌండుకు వెళ్ళిన రెండు గంటల పనీ తల్లి నెత్తిన పడడం అన్యాయమే. ఆ ఇంట్లో తమ్ముడున్నాడు కదా! మా వీధి వాళ్ళింట్లో ఇప్పుడు గ్రైండర్‌లో పిండి వేసేది వాడే. మొదట్లో మొహం మాడ్చుకున్నాడు, ఇప్పుడు పిండి పులిసిందో లేదో వాసన చూసి చెబుతాడు.

పెళ్ళి సంబంధాల వాళ్ళు "ఆటలాడితే ఒళ్ళు నల్లబడుతుంది, మోటుగా తయారవుతుంది" అంటారు. అనేవాళ్ళని అననివ్వండి. రైల్వేల్లో ఆటల కోటా కింద ఉద్యోగాలు వున్నాయి. అయితే ఉద్యోగం వస్తుందని నమ్మించి ఆటకు పంపకండి. వచ్చేది కొద్దిమందికే. రానివాళ్ళకు కూడా ఇరవయ్యేళ్ళ వయసులో పట్టిన ఆ ఎముకల గట్టితనం ముందు ముందు కాన్పులకీ, ముదిమికీ పనికొస్తుంది. నడుము పట్టేసి కూర్చున్న మనల్ని చూసుకుంటే తెలియడం లేదూ?

మా వీధి అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరంలోకి వచ్చింది. సీనియర్ పిల్ల చదువు ముగించి వెళ్ళిపోయింది గనుక కార్నర్ ఖాళీ అయింది. అయితే కొత్తగా చేరిన ఒక పిల్ల కూడా అదే చోటుకు పోటీ వస్తోందట, పల్లెటూరి నుంచి వచ్చిందట, పట్టు ఉడుంపట్టేనట. ఎంపిక ఇంకా కాలేదు. చింతగింజల పిల్ల మాత్రం ఈసారి తండ్రిని ఒప్పించి రోడ్డు మీదే పరుగెత్తుతోంది, వెనకాల తండ్రి సైకిలు మీద.

మీ ఇంట్లోనూ ఆటలాడే అమ్మాయి వుంటే, పరీక్షల సెలవులు ఇచ్చేలోపలే ఫిజికల్ డైరెక్టరు గారిని అడిగి, సెలవుల్లో ఏ రోజు ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాయించుకుని రమ్మనండి. ఆ కాగితం వంటింటి గోడకు, కేలండరు పక్కన అంటించండి. అక్కడైతే మీ కళ్ళబడుతుంది.